వరదమ్మ అడిగిన జీతం

తిరుత్తణి దగ్గర కనకమ్మ సత్రం అనే మా ఊళ్లో మా పక్కిల్లే వరదమ్మది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కే ఆడవాళ్లు తమ పిల్లల్ని ఆమె దగ్గరే వదిలిపోతారు. నోరు పెద్దది. పిల్లల ముక్కు తుడుస్తూనే వాళ్ల తల్లుల్ని తిడుతుంది. ఒకటో తేదీన జీతం చేతిలో పెడితే, వేలు తడి చేసుకుని ఎదురుగానే రెండుసార్లు లెక్కపెడుతుంది. నాకు నవ్వొస్తుంది గానీ ఆ బస్సెక్కేవాళ్లలో ఒకతైన సెల్వికి మాత్రం గుచ్చుకునేది. తన కూతురు యశస్విని ఆమెకు వట్టి డబ్బేనా అని.

ఆ నెల వరదమ్మ ఐదువందలు పెంచమంది. అసలే పాపకు తిరుత్తణిలో చెవులు కుట్టించే ఖర్చు నెత్తిమీదుంది. పైగా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ లేడు, పుట్టింటి సీరు, అదే సారె, తెచ్చేవాళ్లూ లేరు. అత్తగారి వైపువాళ్ల ముందు తలెలా ఎత్తుకోవాలా అని సెల్వి కుమిలిపోతుంటే, నడుమ ఈవిడగారి బేరం!

"అడిగింది ఇచ్చెయ్. పాప ఆమె దగ్గిర నవ్వతా ఉండాది గదా," అన్నాడు భర్త నందకుమార్.

"దుడ్డు కోసరం చూసే మనిషికి ఎంతిచ్చినా అంతే," అంది సెల్వి. చెవులు కుట్టినాక చెప్తానని వరదమ్మతో అని, మాటవరసకు ఆమెనూ రమ్మంది.

తిరుత్తణిలో చెవులు కుట్టే కంసాలి ఆచారి సూది తీసి అడిగాడు.

"మేనమామ యాడమ్మా?"

అందరూ సెల్వి వైపే చూశారు. అంతలో జనాన్ని తోసుకుంటూ వరదమ్మ వచ్చింది. చేతిలో తట్ట, అందులో పండ్లు, కొత్త గౌను, చిన్న బంగారు కమ్మలు.

"మామ లేకుంటే ఏమి, అవ్వ ఉండాది. కుట్టు సామీ!" అంటూ చతికిలబడి పాపను ఒళ్లోకి లాక్కుంది. సూది దిగగానే పాప కెవ్వుమని ఆమె భుజంలో మొహం దాచుకుంది. ఆచారిని తిడుతూ వరదమ్మా ఏడ్చింది.

అప్పుడు చూసింది సెల్వి. వరదమ్మ చెవుల్లో ఎప్పుడూ ఉండే కమ్మలు లేవు, వేపపుల్లలున్నాయి. కమ్మలు కరిగించి పాపకు చేయించింది.

"పెద్దమ్మా, ఈ నెల నుంచి వెయ్యి కలిపిస్తా," అంది సెల్వి ఏడుస్తూ.

"ఏలమ్మే? నేనడిగింది ఐదువందలు. జీతం నా పనికి. ఇది నా మనవరాలికి. రెండూ కలపొద్దు."

ఒకటో తేదీన సెల్వి ఐదువందలే కలిపి ఇచ్చింది. వరదమ్మ వేలు తడి చేసుకుంది. ఆమె రెండోసారి లెక్కపెట్టడం అయ్యేదాకా, సెల్వి పాపనెత్తుకుని నవ్వుతూ నిలబడింది.