మిరప బస్తాల మధ్య టీకా

మా నాన్నకొక జబ్బుంది. ఎవరైనా చెంచాడు చాలంటే గరిటెడు వేస్తాడు. ఎనభైల చివర్లో, నాకు నాలుగో నెలప్పుడు, ఆ జబ్బు నా బిడ్డ మీదికే వచ్చింది.

మా ఆయన ఊళ్ళో బడిపంతులు. ఆయనకు పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. మనిషి తేరుకున్నా ఆ కామెర్లు తెచ్చిన వైరస్ రక్తంలో మిగిలే ఉందని చీరాల డాక్టరమ్మ పరీక్ష చేయించి చెప్పింది. నా రక్తంలో మాత్రం ఏమీ లేదు.

"నీకు అంటుకుంటే కాన్పులో బిడ్డకూ వస్తుంది. పసిపిల్లల లివరును అది ఓ పట్టాన వదలదు. నీకు ఇప్పుడే టీకా మొదలుపెడదాం. నెలకొకటి, మూడు," అంది.

"నా వల్ల బిడ్డకు..." అని మా ఆయన మాట మధ్యలో ఆపేశాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏం, కావాలని తెచ్చుకున్నాడా?

టీకా మద్రాసు నుంచి రైల్లో రావాలి. స్టేషనుకెళ్ళి తెచ్చే పని మా నాన్న నెత్తినేసుకున్నాడు. "చల్లగా ఉంచి తీసుకురండి," అని మాత్రమే చెప్పింది డాక్టరమ్మ. ఆవిడకు మా నాన్న సంగతి తెలియదుగా! ఆయన తిన్నగా ఐసుఫ్రూట్లు చేసే అతన్ని సలహా అడిగాడు. ఐసులో రాళ్ళుప్పు వేస్తే ఇంకా చల్లబడుతుందని అతను చెప్పాడు. ఈయన దోసిళ్ళతో వేశాడు. ఆస్పత్రికి చేరేసరికి సీసాలో మందు గడ్డకట్టుకుపోయింది.

"గడ్డకడితే ఇది పనికిరాదండీ," అని డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. మా మిరపతోటకు తెగులొచ్చినప్పుడు కూడా వేళకు భోంచేసే మా నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. తినడానికి రమ్మని నేనూ పిలవలేదు. అంత మండిపోయాను.

మళ్ళీ కబురు పెడితే ఈసారి మూడు సీసాలూ కలిసే వచ్చాయి. ఒకటి వెంటనే వేసేశారు. మిగతా రెండూ ఎక్కడ దాచాలి? ఆస్పత్రిలో ఫ్రిజ్ ఉంది గానీ కరెంటుంటేగా!

"మిరపకాయల్ని ఏడాది పొడుగునా చల్లగా దాస్తున్నామండీ. నా మనవరాలికి రెండు సీసాలు దాచలేమా?" అన్నాడు మా నాన్న. మనవరాలేనని అప్పుడే తేల్చేశాడు.

డాక్టరమ్మ నవ్వింది. తరవాత ఆలోచించి, ఒక థర్మామీటరు చేతికిచ్చి, ఎంత చల్లదనం ఉండాలో కాగితం మీద రాసిచ్చింది. గుంటూరు రోడ్డులో, కరెంటు పోయినా జనరేటరుతో నడిచే కోల్డ్ స్టోరేజీలో, మిరప బస్తాల మధ్య, చిన్న స్టీలు డబ్బాలో నా టీకాలు కూర్చున్నాయి. బస్తాలకు కట్టినట్టే డబ్బాకూ ఓ చీటీ కట్టారు. మా నాన్న వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి థర్మామీటరు చూసొచ్చేవాడు.

నెల తిరిగాక డబ్బా మూత తీయగానే మిరప ఘాటుకు డాక్టరమ్మకు తుమ్ముల మీద తుమ్ములు. సూది నా జబ్బ దాకా తెచ్చాక కూడా ఆగలేదు.

"కదలకమ్మాయ్!"

"కదులుతోంది మీరండీ!"

మూడో టీకా కూడా అయ్యాక, తొమ్మిదో నెలలో మళ్ళీ నా రక్తం పరీక్షకు పంపారు. ఆ కాగితం వచ్చేదాకా మా నాన్న రోజూ ఆస్పత్రికెళ్ళి అడిగొచ్చేవాడు. వైరస్ లేదు.

ఆడపిల్లే పుట్టింది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పాపకూ టీకా వేశాను. ఎత్తుకుంటే అంటుకునే జబ్బు కాదు మేష్టారూ, రండి," అంది డాక్టరమ్మ.

"నిజంగా ఎత్తుకోవచ్చాండీ?" అని మూడుసార్లు అడిగాడు. తీరా చేతుల్లోకి తీసుకున్నాక, పాలకు ఏడ్చేదాకా పాపను ఎవరికీ ఇవ్వలేదు. మా నాన్నకు కూడా.