నిర్మాల్య అనే పేరుకు నేను రాసిన అర్థం

ఆ రోజుల్లో చేవెళ్లలో ఇంటర్నెట్ అంటే నేనే అని నాకొక గట్టి నమ్మకం ఉండేది. హైటెక్ సిటీ వచ్చిన కొత్తలు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా పొలాల్లో పంటకు బదులు ప్లాట్ల రాళ్లు మొలుస్తున్నాయి. కంప్యూటర్ డిగ్రీ చేతిలో పట్టుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీల పిలుపు కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి మా బాపు కిరాణా కొట్టు పక్క గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టుకుని నెట్ సెంటర్ తెరిచాను. (“పప్పు అమ్మితే పప్పు కనవడ్తది, బియ్యం అమ్మితే బియ్యం కనవడ్తయ్. నువ్వేం అమ్ముతున్నవో నాకైతే కనవడ్తలేదురా” అనేవాడు బాపు.) పరీక్షల రిజల్ట్ల తరువాత నా దగ్గరికి ఎక్కువ మంది వచ్చేది పిల్లల పేర్ల కోసం. అమ్మమ్మ పేరో, మొక్కుకున్న దేవత పేరో పెట్టే కాలం పోయింది. మండలం మొత్తంలో ఇంకెవరికీ లేని పేరు కావాలి, దానికి మంచి అర్థం కావాలి, పలికితే కంపెనీలో పనిచేసే అమ్మాయి పేరులా ఉండాలి. పేర్ల వెబ్‌సైట్ తెరిచి, కళ్లజోడు సర్దుకుని (పవర్ లేని అద్దాలు, గౌరవం కోసం పెట్టుకున్నవి) అర్థాలు చదివి వినిపించేవాణ్ణి. అర్థం దొరకని పేరుకు బంగారం, వెన్నెల, లక్ష్మీదేవి, ఈ మూడింటిలో ఒకటి వంతులవారీగా నేనే చెప్పేసేవాణ్ణి. అందరూ నన్ను నెట్ సారు అనేవాళ్లు. ఇరవై రెండేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి?

ఒకరోజు ఎంకపల్లి నుంచి ఒక డ్రైవరన్న, వాళ్ల అమ్మ కలిసి వచ్చారు. కలిసి వచ్చారన్న మాటే గాని, ఇద్దరి మధ్య మాటల్లేవు. ఆ అన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ కారు నడుపుతాడు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఫోన్లలో తమ పిల్లల పేర్లు పలుకుతుంటే విని విని, తన బిడ్డకూ అలాంటి పేరు పెట్టాలని ఆశపడ్డాడు. అవ్వ మాత్రం పెంటమ్మ అనే పెట్టాలని పట్టుబట్టింది. అంతకు ముందు ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు పుట్టి, ఏడాది తిరగకుండానే ముగ్గురూ పోయారు. అలాంటి ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, ఎవరో పారేసుకున్న పిల్లను ఏరుకొచ్చినట్టుగా తెచ్చుకుంటారు. పెంటమ్మ అనో పెంటయ్య అనో పేరు పెడతారు. చావు తొంగి చూసినా, ఇది ఎవరికీ అక్కర్లేనిది అనుకుని వెళ్లిపోవాలని.

“రేపు ఇంగ్లీష్ మీడియంల పెంటమ్మా అని పిలిస్తె పిల్ల ముఖం యాడ పెట్టుకుంటది తమ్మీ? నువ్వే చెప్పు” అన్నాడు అన్న.

“ముందుగాల పిల్ల ఉండాలె గద, ముఖం సంగతి తర్వాత” అంది అవ్వ.

చివరికి రాజీ కుదిరింది. అది నా నెత్తిన పడింది. పేరు వినడానికి స్టైల్‌గా ఉండాలి, అర్థం మాత్రం పెంట కావాలి. వెబ్‌సైట్‌లో అక్షరమాల మొత్తం వెతికాను. ఆడపిల్లల పేర్లన్నీ చంద్రుడు, తామర, తేనె. ప్రపంచంలో ఒక్కరైనా తమ బిడ్డను చెత్త అనుకోకపోవడం చూసి నాకు మొదటిసారి మనుషుల మీద విసుగొచ్చింది. గంటసేపు వెతికి వదిలేయబోతుంటే, ఇంట్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. పొద్దున పూజ దగ్గర తీసిన నిర్మాల్యం ఇంకా అక్కడే ఉందని చెల్లెల్ని కోప్పడుతోంది. నిర్మాల్యం అంటే నిన్న దేవుడికి పెట్టి ఇవాళ తీసేసిన వాడిన పూలు. చివరి సున్న ఎగరగొట్టి “నిర్మాల్య” అన్నాను. అన్న ముఖం వెలిగిపోయింది. అవ్వ మాత్రం అంత సులువుగా లొంగలేదు.

“అర్థం?”

“దేవుని మీదికెళ్లి తీసేసిన వాడిన పూలు అవ్వా.”

“తీసేసి ఏం జేస్తరు?”

“పారేస్తరు. చెట్టు మొదట్ల.”

“మల్ల తెచ్చుకోరు గద?”

“ఎవ్వరూ తెచ్చుకోరు.”

“అయితె ఖాయం” అంది అవ్వ. వెళ్తూ వెళ్తూ నా తల నిమిరింది. ఆ పూట నాకు భోజనం కూడా గుర్తు రాలేదు, అంత గర్వం.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. ఆ వెబ్‌సైట్‌లో మనకు తెలిసిన కొత్త పేరు చేర్చే సౌకర్యం ఉండేది, కింద చేర్చినవాళ్ల పేరు కూడా పడేది. అంతటి అరుదైన పేరు కనిపెట్టింది నేనని లోకానికి తెలియకుండా పోవడమా? చేర్చాను. అర్థం దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. వాడిన పూలు, పారేసినవి అని రాస్తే ఎవరు మెచ్చుకుంటారు? “పరమ పవిత్రమైనది, దేవుడికి మిక్కిలి ప్రియమైనది” అని రాశాను. పేరు పక్కన ఒక గుండె బొమ్మ ఉండేది. నచ్చినవాళ్లు దాన్ని నొక్కితే అంకె పెరుగుతుంది. ఆరు కంప్యూటర్ల దగ్గరా కూర్చుని ఆరు గుండెలు నేనే నొక్కాను. తరువాత వచ్చినవాళ్లందరికీ అదే పేరు అంటగట్టాను. రెండు నెలలు తిరక్కుండా చేవెళ్లలో ఇద్దరు నిర్మాల్యలు, మొయినాబాద్‌లో ఒక నిర్మాల్య. ఆ మొయినాబాద్ పాప బారసాలకు రోడ్డు మీద ఫ్లెక్సీ కూడా కట్టారు. డ్రైవరన్న ఆ ఫ్లెక్సీ చూసి ఉబ్బిపోయి నా దగ్గరికొచ్చి, వెబ్‌సైట్ పేజీ ప్రింట్ తీయించుకుని వెళ్లి ఇంట్లో గోడకు అంటించాడు. అవ్వకు చదువు రాదు కాబట్టి గోడ మీద ఏముందో చాలా రోజులు తెలియలేదు.

పాపకు అయిదో నెలలో నిమ్ము చేసింది. పట్నంలో పిల్లల దవాఖానలో పెట్టారు. ఆ మరునాడే మధ్యాహ్నం అవ్వ ఒక్కతే నా సెంటర్‌కి వచ్చింది. కోడలు దవాఖానలో ఏడుస్తూ, దేవుడికి ప్రియమైనది అని రాసి ఉందే, దేవుడు ఇట్ల చేస్తాడా అన్నదట. అప్పుడు తెలిసింది అవ్వకు.

“దేవునికి ఇష్టమైనదని రాసినవా కొడుకా? ఇష్టమైతె తీస్కపోడా?”

అవ్వ అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. “తుడిచెయ్. ఇప్పుడే, నా ముంగట తుడిచెయ్” అని స్టూలు మీద కూర్చుంది. ఆ వెబ్‌సైట్‌లో ఎక్కించడానికే దారి ఉంది, దించడానికి లేదు. దాని యజమానులకు వరసగా మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ క్షణంలో జవాబు వచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని. అవ్వ నా ముఖమే చూస్తోంది. అప్పుడు నేనొక పని చేశాను. నా మూడేళ్ల కంప్యూటర్ చదువు పనికొచ్చింది జీవితంలో ఆ ఒక్కరోజే అనుకుంటాను. ఆ పేజీని నా కంప్యూటర్‌లో దాచుకుని, అర్థం ఉన్న చోట చెరిపి, కొత్తది టైపు చేసి, మార్చేశానని చెప్పి ప్రింట్ తీసి ఇచ్చాను. అవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ నా చేతికే ఇచ్చింది.

“చదువు. ఇటు గాదు, బయటి దిక్కు మొకం పెట్టి చదువు. జర గట్టిగ.”

లోపల పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చిన అమ్మాయిలు నలుగురున్నారు. గుమ్మంలో నిలబడి, బస్టాండు వైపు తిరిగి చదివాను. “నిర్మాల్య! అర్థం: పారేసినది! వాడిపోయినది! ఎవ్వరికీ అక్కర్లేనిది!” కిరాణా కొట్లోంచి బాపు తొంగి చూశాడు. ఆటోవాళ్లు నవ్వారు. అమ్మాయిలూ నవ్వారు. “ఇంకోపారి” అంది అవ్వ. ఇంకోసారి చదివాను. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు, అప్పుడూ లేదు, సైన్స్ చదువుకున్నవాణ్ణి. కానీ ఆ రెండోసారి చదివేటప్పుడు మాత్రం రోడ్డు మీద ఎవరో ఆగి వినాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

నాలుగో రోజు పాప పోయింది.

నేను భయపడ్డాను, సిగ్గుపడ్డాను. ఎంకపల్లి వైపు బస్సు ఆగే వేళకు షట్టర్ సగం దించి లోపల కూర్చునేవాణ్ణి. నెల గడిచాక ఆ సగం షట్టర్ కిందనుంచి వంగి అవ్వే లోపలికి వచ్చింది. అంగట్లో ఏదో పనిమీద వచ్చిందట. నన్ను చూసి, “ఏం కొడుకా, గింత బక్కగైనవ్?” అంది. నేను ఏడ్చేశాను. తప్పు నాదే అవ్వా అన్నాను. ఆ ప్రింట్ కూడా దొంగదని, నెట్‌లో అర్థం మారనే లేదని చెప్పేశాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నువ్వు మంచిగనే చదివినవ్. నేను విన్న గద” అంది. “కాయితం సంగతి ఇడిచిపెట్టు. మీదున్న గాయినకు చదువు రాదు గావచ్చు.”

రెండేళ్లకు ఆ ఇంట్లో మళ్లీ ఆడపిల్ల పుట్టింది. ఈసారి డ్రైవరన్న నోరెత్తలేదు. చాట, పెంటకుప్ప అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. పేరు పెంటమ్మ. ఆ సంగతి చెప్పడానికి అవ్వ పనిగట్టుకుని చేవెళ్ల వచ్చింది. నేను సంతోషంగా కంప్యూటర్ వైపు తిరిగానో లేదో, నా చెయ్యి పట్టుకుంది.

“ఈ పేరు మాత్రం నీ నెట్ల ఎక్కియ్యకు కొడుకా.”

ఎక్కించలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నెట్ సెంటర్ ఇప్పుడు దరఖాస్తులు నింపే సెంటర్ అయింది, నా అద్దాలకు పవర్ వచ్చింది. నిర్మాల్య పేరు పక్కన గుండెలు నేను లెక్కపెట్టలేనన్ని అయ్యాయి. నేను రాసిన అర్థాన్ని ఇంకో పది వెబ్‌సైట్లు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నాయి. మా వీధిలోనే ఒక నిర్మాల్య స్కూటీ నడుపుతోంది.

ఆ మధ్య ఒక శనివారం జీన్స్ వేసుకున్న అమ్మాయి ఒకతి వచ్చింది. చందనవెల్లి డేటా సెంటర్‌లో ఉద్యోగమట. పేరు మార్చుకోవాలి, దరఖాస్తు నింపమంది. ఆధార్ కార్డు చూశాను. పెంటమ్మ, ఎంకపల్లి. తలెత్తి చూశాను. బలంగా, నవ్వు ముఖంతో, ఇరవై ఏళ్ల పిల్ల. తనకు ముందు పుట్టిన నలుగురి గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరని నాకు తెలుసు.

“ఆఫీస్‌ల పేరు పిలిస్తె అందరు తిరిగి చూస్తున్నరు అంకుల్. మా నాన్ననేమో ఒద్దంటడు, ఎందుకో చెప్పడు.”

“ఏం పేరు పెట్టుకుంటవమ్మా?”

“నెట్‌ల వెతికిన అంకుల్. నిర్మాల్య. మీనింగ్ మస్తున్నది. దేవుడికి ప్రియమైనది అంట.”

నేను సైన్స్ చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మనని ముందే చెప్పాను. స్క్రీన్ వైపు ఒకసారి చూశాను. దరఖాస్తు పేజీ తెరుచుకుని, కొత్త పేరు ఎక్కించమని ఎదురుచూస్తోంది. “సర్వర్ డౌన్ అమ్మా, వచ్చే వారం రా” అన్నాను. ఆ పిల్ల పాపం నమ్మి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ డౌన్ అన్నాను. నిన్నటితో ఏడో శనివారం. నిన్న వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “మీ సెంటర్ వేస్ట్ అంకుల్” అని అందరూ వినేలా గట్టిగా అంది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.