మూడో వాక్యం

మా కంటి ఆసుపత్రి ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించే నర్సును నేను. రోగి తల పక్కన స్టూలు మీద కూర్చునే ఆమెను అందరం చేతులక్క అంటాం. రోగి చెయ్యి పట్టుకుని, ఆపరేషన్ అయ్యేదాకా కబుర్లు చెప్పడం ఆమె పని. మెలకువగా ఉన్న మనిషి భయంతో తల కదిపితే కన్ను పోతుంది. రోగి నోరు విప్పకూడదు. వింటున్నానంటే ఒకసారి, దగ్గొస్తే రెండుసార్లు చెయ్యి నొక్కాలి.

నిజానికి అక్క ఇక్కడికి వచ్చింది రిసెప్షన్ ఉద్యోగానికి, దక్కింది ఈ స్టూలు. మూడుసార్లు ఇంటర్వ్యూకెళ్లింది. ఇంగ్లీషులో పరిచయం చేసుకోమనేవారు. అద్దం ముందు నిలబడి నెల రోజులు బట్టీ పట్టిన పరిచయం అది. పేరు, ఊరు అయ్యి, తండ్రి వడ్రంగి అనే మూడో వాక్యం రాగానే "ఓకే, థాంక్యూ" అనేసేవారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగో వాక్యం వింటే వాళ్ల సొమ్మేం పోయింది?

ఆ మంగళవారం టేబుల్ మీదికొచ్చిన పెద్దాయన పరాయి దేశం ఇంజినీరు. మన భాష ఒక్క ముక్క రాదు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఆపరేషన్ మిగిలిన ఒక్క కంటికే. గుండె బలహీనమని, భయం తగ్గించే మందు కూడా వద్దన్నారు. ముఖం మీద గుడ్డ కప్పగానే ఆయన కాళ్లు వణకసాగాయి.

"మాట్లాడమ్మా," అన్నాడు డాక్టరు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా.

అక్క ఆయన చెయ్యి అందుకుంది. "గుడ్ మార్నింగ్ సర్. హౌ ఆర్ యూ?" అంది.

మర్యాదస్తుడాయె, "ఫైన్, థాంక్యూ, అండ్..." అంటూ ఆయన ఆమె వైపు తల తిప్పబోయాడు. డాక్టరు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ప్రశ్నలు అడక్కమ్మా! వెంట్రుకవాసిలో తప్పింది. ఇంకా పన్నెండు నిమిషాలు ఆయన కదలకూడదు."

ఇంగ్లీషు మర్యాదలన్నీ ప్రశ్నలేనని నాకప్పుడే తెలిసొచ్చింది. ప్రయాణం ఎలా జరిగింది, మా ఊరు నచ్చిందా... అక్కకు వచ్చినవీ అవే. ఆమె దిక్కుతోచక నావైపు చూసింది. నేనేం చేయను, నా చేతిలో బ్లేడుంది.

అక్క కళ్లు మూసుకుంది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. "మై ఫాదర్ ఈజ్ ఎ కార్పెంటర్," అని ఆగింది. పాపం, అలవాటు. ఎవరూ థాంక్యూ అనలేదు. ఆయన ఆమె చెయ్యి ఒకసారి నొక్కాడు.

నాలుగోది అందుకుంది. మదర్, టూ బ్రదర్స్, కుట్టుపని. కాసేపటికి బట్టీ పట్టింది అయిపోయింది. కంట్లో పెట్టాల్సిన లెన్స్ ఇంకా నా పళ్లెంలోనే ఉంది. అక్క నుదుటి నిండా చెమట. ఇక ఆ తర్వాతిదంతా ఏ పుస్తకంలోనూ లేని ఇంగ్లీషు. ఊరంతటికీ కుర్చీలు చేసే తండ్రికి ఇంట్లో ఒక్క కుర్చీ లేదట. "హస్బెండ్ గుడ్, సౌండ్ మోర్," అంది. ఇంటర్వ్యూల సంగతీ దాచలేదు. "త్రీ టైమ్స్ దే సే థాంక్యూ. థాంక్యూ మీన్స్ గో."

ఆయన ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు. కాళ్ల వణుకు ఎప్పుడాగిందో నేను గమనించనే లేదు.

"అయిపోయింది," అన్నాడు డాక్టరు, ఊపిరి వదులుతూ.

కంటికి పట్టీ వేసి కూర్చోబెట్టాం. అక్క లేవబోయింది. ఆయన చెయ్యి వదల్లేదు. థాంక్యూ కూడా అనలేదు. "మై టర్న్," అని తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. "మై ఫాదర్ వాజ్ ఎ టైలర్," అని ఆగాడు.

అక్క మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

"దెన్?" అంది.