క్లిప్పులు బిగించిన మర్నాడు నెక్కొండలో దినాల భోజనం

మా మేనత్త భర్త పదకొండో రోజు దినాలకు సరిగ్గా ముందు రోజు సాయంత్రం హన్మకొండలో నా పళ్ల క్లిప్పులు బిగించారు. పంటికి నాలుక తగిలినా ప్రాణం పోతోంది. అయినా పోక తప్పదు. రెండేళ్ల కింద వాళ్ల కొడుకు పెళ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని, ఫోన్‌లో చెప్పి ఊరుకున్నారని అలిగి ఆ గడప తొక్కడం మానేశాను. దినాల ఇంట్లో తినకుండా లేచొస్తే మావాళ్లలో కోపం ఇంకా పోలేదనే లెక్క. అత్తమ్మతో మళ్లీ మాట కలుస్తుందా లేదా అన్నదే నా దిగులంతా.

ఉదయం ఎనిమిదికి వరంగల్ స్టేషన్ ఎదురుగా హోటల్లో రెండు ఇడ్లీలు సాంబారులో నానబెట్టి, చెంచాతో నలిపి తిన్నాను. నలభై రూపాయలు. క్లిప్పులున్నవాళ్లకు ఇంతకన్నా మంచి టిఫిన్ లేదు, వడ జోలికి మాత్రం పోవద్దు. తొమ్మిది దాటాక ప్యాసింజర్ ఎక్కితే గంటలోపే నెక్కొండ. స్టేషన్ నుంచి అత్తమ్మ ఇంటిదాకా షేర్ ఆటో ఇరవై రూపాయలు. డ్రైవర్ అద్దంలో చూసి, "దవడ పట్టుకున్నవేందక్కా, పన్ను నొస్తాందా?" అన్నాడు.

"క్లిప్పులు తమ్మీ. దినాలకు పోతాన."

"గట్లయితే మటన్ ఎట్ల తింటవ్?"

దవడ మీద నుంచి చేయి తీసేశాను.

పన్నెండున్నరకు బంతి వేశారు. బగారన్నం, మటన్. ఒక్క ముక్క కొరికానో లేదో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తీసి పక్కన పెట్టి, విస్తరి మడవబోయాను. లోపలి గదిలో కూర్చున్న అత్తమ్మ చూడనే చూసింది, మనిషిని పంపి పిలిపించింది.

"ఇంకా కోపం పోలేదా బిడ్డా? మీ మామ పోయినంక గూడనా?"

మాటల్లో చెబితే సాకు అనుకుంటుందని నోరు తెరిచి చూపించాను. ఆమె దగ్గరికి జరిగి, నా చెంప పట్టుకుని చూసింది.

"అయ్యో, నమలరాదా? ముందుగాల చెప్పద్దా!"

చెప్పాలంటే ఫోన్ చేయాలి కదా. రెండేళ్లుగా నేను చేస్తే కదా!

అత్తమ్మ వంటాయనతో చెప్పి తెల్లన్నం, పలచటి మటన్ షేర్వా, బాగా ఉడికిన ముక్కలు తెప్పించింది. ఎముకలు ఏరి, ముక్కలను పోగులు పోగులుగా విడదీసి, అన్నంలో పిసికి, షేర్వా పోసి మెత్తగా కలిపింది. చేయి ఎక్కడా తడబడలేదు.

"మీ మామకు మూడు నెలలు గిట్లనే కలిపిన. నమలలేకపోతుండె. పదకొండు రోజులాయె, నా చేతికి పనే లేదు."

ముద్ద నోటికందించి, నేను మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాతే రెండో ముద్ద. నా ఏడుపు చూసి "నొస్తాందా?" అంది. కాదన్నాను. కడుపు నిండినా చాలనలేదు.

తిరుగు రైల్లో తల ఎత్తుకోలేకపోయాను. మామకు జబ్బని ఆ మూడు నెలలూ నాకు తెలుసు. గంట ప్రయాణం. బొట్టు లెక్కే చూసుకున్నాను గానీ, ఒక్కపూట వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చోలేదు. అత్తమ్మ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

క్లిప్పులు బిగించిన రెండు మూడు రోజుల్లో ఎవరింట్లోనైనా తినాల్సి వస్తే, నమలలేనని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. మెత్తగా కలిపి పెట్టేవాళ్లు ఉంటారు. నాలాగా పదకొండో రోజుదాకా మాత్రం ఆగకండి.