బలపరిచేవాళ్లు లేరు

మా కాలేజీ స్టూడెంట్ క్లబ్‌కి మీటింగ్ నడిపే పద్ధతి ఈ ఏడాది నేర్పింది నేనే. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, అప్పుడే ఓటింగ్.

ఈ రోజు మీటింగ్‌లో, ఏటా వెళ్లే కొండపల్లి బొమ్మల టూర్‌ను నేనే ప్రతిపాదించాను. “బలపరిచేవాళ్లు?” అని అడిగింది ప్రెసిడెంట్ రిజ్వానా. గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఎవరూ లేరు సార్. ఇది ఓటింగ్‌కి వెళ్లదండి.”

“అదేంటమ్మా! పోయినేడాది అందరూ చప్పట్లు కొట్టారుగా?”

“చప్పట్లు కొడితేనే మీరు మీటింగ్ ముగించేవారు కదా సార్!”

ఇప్పటికీ తేరుకోలేదు. ఆదివారం బిర్యానీ నేనే వండుతానని ఇంట్లో చెప్పబోయి ఆగిపోయాను. వాళ్లూ ఇన్నాళ్లూ బాగుందనే అంటున్నారు. నా బిర్యానీ తిన్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, కాస్త బలపరుస్తారా?