నాజ్నీన్ పట్టిన ఒక్కపొద్దులు

నాజ్నీన్‌ది రాయచోటి. పెళ్లయ్యాక రియాద్ వచ్చి, అక్కడి మలాజ్ పేటలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో అబాయాలనే నల్లటి పైవస్త్రాల మీద పూసల పని చేసేది. నోరు తక్కువ, చేతి పని ఎక్కువ. భర్త బాబావలి ఏసీ మెకానిక్.

పోయిన చలికాలంలో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. మనిషిని నేల మీద దొర్లించే నొప్పి. క్లినిక్‌లో గ్యాస్ అన్నారు. ఏ నొప్పికైనా గ్యాసనడం వాళ్లకు అలవాటు. రాయచోటి నుంచి తల్లి మదార్బీ ఫోన్‌లో, "ఒక్కపొద్దులు మొక్కుకో అమ్మీ, ఆయనే సూస్తాడు," అంది. రోజా ఉపవాసాన్ని వాళ్ల ఇళ్లలో ఒక్కపొద్దనే అంటారు. నాజ్నీన్ సోమవారాలు, గురువారాలు పట్టింది. నొప్పి పెరిగింది. తన మొక్కులోనే ఏదో లోపముందనుకుని, పిచ్చిది, వరసబెట్టి పట్టింది. చివరికి ఒకరోజు పూస గుచ్చుతుంటే మణికట్టు వాలిపోయింది. మళ్లీ లేవలేదు. రెండో చెయ్యీ అంతే.

పెద్దాసుపత్రిలో పాకిస్తానీ డాక్టరమ్మ గుల్షన్ రోగం పేరు కనిపెట్టింది: పోర్ఫిరియా. పుట్టుకతో వచ్చే లోపం. పస్తుంటే రేగుతుంది. రేగితే నరాలు చచ్చుబడతాయి, ఒక్కోసారి ఊపిరీ ఆగిపోతుంది. గ్లూకోజూ ఇంజెక్షన్లూ ఎక్కించి నొప్పి తగ్గించింది కానీ చేతులకు నెలలు పడుతుందంది.

"ఇక ఎప్పుడూ రోజా ఉండొద్దు. ఇది రక్తంలో వచ్చేది. మీ అమ్మగారికి కూడా ఉండొచ్చు, పరీక్ష చేయించుకోమనండి," అని ఉర్దూలో మరీమరీ చెప్పింది.

నాజ్నీన్ తల్లికి చెప్పలేదు. చెబితే, నువ్వు పట్టమన్న ఒక్కపొద్దులే నా చేతులు పడగొట్టాయని చెప్పినట్టే. బాబావలి గుర్తుచేసినప్పుడల్లా "సెప్తాలే," అనేది. ఏడ్చిందీ లేదు, ఎవరినీ తిట్టిందీ లేదు. చేతులకు పట్టిన తిమ్మిరి మనసుకూ పట్టినట్టుండేది. మంచం మీద కూర్చుని గోడకేసి చూసేది.

అలా ఉండగానే రంజాన్ వచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, తాను ఒక్కపొద్దుతో ఉన్న బాబావలి ఆమెకు అన్నం కలిపి ముద్ద పెడుతున్నాడు. ఆమె నోరు తెరవడం లేదు.

"తిను మే. పాపం సుట్టుకుంటే నాకు సుట్టుకోనీ."

అంతలో తల్లి వీడియో కాల్ చేసింది. బాబావలి ఫోన్‌ను దిండుకు ఆనించి నిలబెట్టాడు. మదార్బీ ముఖం పీక్కుపోయి ఉంది.

"మందులేసుకోవాలని ఏటా నేను ఒక్కపొద్దులు ఇడిసిపెడతా గదమ్మీ. ఈసారి నీ సేతుల కోసరం అన్నీ పడతాండా. రెండు దినాల నుంచి కడుపులో మెలేస్తాంది. నీకు లేసింది సూడు, అట్లనే. ఏం గాదులే."

ఇన్ని నెలల్లో మొదటిసారి నాజ్నీన్‌కు భయమేసింది.

"అమ్మా, ఇడిసిపెట్టు! ఇప్పుడే అన్నం తిని ఆస్పత్రికి పో. నీదీ నా రోగమే. పస్తుంటే రేగుతాదంట. నా సేతులు అట్లనే పడిపోయినాయి."

మదార్బీ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"నేను పట్టమన్న ఒక్కపొద్దులతోనేనా?"

"ఔనమ్మా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాజ్నీన్ బాబావలి వైపు తిరిగి నోరు తెరిచింది. అతను పెట్టిన ముద్దను తల్లికి కనపడేలా నమిలి మింగింది.

"నేను తింటాండా, సూడు. నువ్వూ తెచ్చుకో. నువ్వు తినేదాకా నేనింకో ముద్ద ముట్టను."

మదార్బీ లేచి వెళ్లి గిన్నె తెచ్చుకుంది. ఏడుస్తూనే తింది.