కోటయ్య గారి రైఫిల్‌లో నేను తీసేసిన అరకిలో

2021, కార్తీక మాసం. తెనాలిలో మాది లైసెన్సు తుపాకులు రిపేరు చేసే షాపు. వచ్చేవన్నీ బ్యాంకు కాపలావాళ్ల తుపాకులే. నూనె పెట్టడం, స్ప్రింగు మార్చడం తప్ప వేరే పని ఉండేది కాదు. అందుకే రేపల్లె నుంచి కోటయ్య గారు తన 315 రైఫిల్ తెచ్చి, "అబ్బాయ్, దీని బరువు తగ్గించగలవా?" అని అడిగితే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి, సైన్యంలో చేసి రిటైరయ్యారు. కొండ అంచు ఊళ్లలో పైర్లు పాడుచేసే అడవిపందులను అటవీ శాఖ అనుమతితో కాలుస్తారు. అరవై దాటాక రైఫిల్ మోస్తూ గుట్టలెక్కలేకపోతున్నారు.

భుజానికి ఆనించే చెక్కను మేం స్టాక్ అంటాం. దాన్ని లోపల తొలిచాను. ముందుభాగం చిత్రిక పట్టాను. తూచి చూస్తే అరకిలో తగ్గింది. నా పనితనానికి నేనే మురిసిపోయి ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

మిరపకోతల రోజుల్లో ఆయన మళ్లీ వచ్చారు. మొహంలో కళ లేదు.

"గుండ్లు కిందకి పోతన్నాయి. మొన్న పందికి కాలికి తగిలి, ఆ గాయంతోనే కూలోళ్లున్న చేలోకి దూరింది. ఎవరికీ ఏం కాలేదులే. నాకే భయమేసింది. సైట్ చూడు. అది బాగుంటే లోపం నాలోనే. లైసెన్సు సరెండర్ చేసేస్తా."

గురి చూసే సైట్ సరిగ్గానే ఉంది. బాపట్ల వైపు ఒక ఫైరింగ్ రేంజ్‌లో ఇసుక సంచి మీద ఆనించి నేను కాలిస్తే గుండు నడిమధ్యన పడింది. మరి పాత సైనికుడి గురి ఎందుకు తప్పుతోంది? తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మర్నాడు ఆయన్నీ అదే రేంజ్‌కు తీసుకెళ్లాను. తూటాల మధ్య ఆయనకు చెప్పకుండా ఒక డమ్మీ పెట్టాను. డమ్మీ పేలదు, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే. దాని వంతు వచ్చింది. తుపాకీ పేలలేదు కానీ ఆయన కళ్లు మూసుకున్నారు, గొట్టం కిందికి వంగింది. దీన్ని ఫ్లించ్ అంటారు. పేలగానే తుపాకీ వెనక్కి తన్నుతుందని ఒళ్లు ముందే బెదిరిపోవడం.

ఆయన రైఫిల్ దించి రెండు చేతుల్లో తూచి చూసుకున్నారు.

"సరుకు లేని పడవని అల ఎగరేసి కొట్టుద్ది అబ్బాయ్. మా నాన్న అడుగున ఇసక బస్తాలేసేవోడు. నువ్వు నా బస్తాలు తీసేశావు."

నాకు సిగ్గేసింది. అదే తూటా, తేలికైన తుపాకీ. తన్ను పెరగక ఏమవుతుంది? "తప్పు నాదండి బాబాయ్ గారూ, మీ భుజం చూపించండి" అన్నాను.

చొక్కా గుండీలు విప్పారు. భుజం ముందువైపు కమిలి నల్లబడింది, అది నేను చేసిన గాయం. భుజం పైన మాత్రం ఒక పాత కాయ, రెండు వేళ్ల వెడల్పున. రైఫిల్ తగిలించుకునే తోలు పట్టీ వెడల్పూ అంతే.

స్టాక్ తొర్రలో సీసం నింపాను. వెనక రబ్బరు ప్యాడ్ వేశాను. రెండు చేతుల మధ్య తూకం నిలిచేదాకా సర్దాను. చివరిగా పాత పట్టీ తీసేసి, అరచేతి వెడల్పున్న మెత్తటి పట్టీ కట్టాను. ఆయన భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడిచొచ్చారు.

"ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఎంత తగ్గించావేంటి?"

"ఏం తగ్గించలేదండి. మీరు మొదట తెచ్చినప్పటి కన్నా కాస్త ఎక్కువే ఉంది."

తర్వాత రేంజ్‌లో రెండుసార్లు డమ్మీ పెట్టాను. గొట్టం కదల్లేదు. లైసెన్సు ఆయన దగ్గరే ఉంది. ఇప్పుడు ఎవరు బరువు తగ్గించమని వచ్చినా తక్కెడ తీయను. ముందు భుజం చూపించమంటాను.